టైలు వెనక దన్ను: బాత్రూం గోడకు బరువు దేని మీద ఆగుతుంది

నెల్లూరు మూలాపేటలోని మా ఇంట్లో బాత్రూం మరమ్మతు చేయించినప్పుడు, మోకాళ్ల నొప్పులతో లేవడానికి ఇబ్బంది పడుతున్న మా అమ్మ కోసం కమోడ్ పక్క గోడకు ఒక స్టీలు హ్యాండిల్ పెట్టించాము. నాలుగు నెలలు తిరగకముందే, ఒక ఉదయం ఆమె దాన్ని పట్టుకొని లేవబోతుండగా పైవైపు స్క్రూలు రెండూ ప్లగ్గులతో సహా ఊడి వచ్చాయి. ఆమె వెనక్కి కమోడ్ మీదికే కూలబడటం వల్ల దెబ్బ తగలలేదు గానీ, ఆ తరువాత చాలా రోజులు గోడను నమ్మి చెయ్యి వేయలేకపోయింది. ఊడి వచ్చిన ప్లగ్గును అరచేతిలో పెట్టుకొని చూశాను. అది 35 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గు. దాని గాళ్లలో తెల్లటి టైలు పొడి ఉంది, బూడిదరంగు సిమెంటు పొడి ఉంది. ఎర్రటి ఇటుక పొడి మాత్రం ఒక్క రేణువైనా లేదు.

ఆ రంగులే జరిగినదంతా చెబుతున్నాయి. ఇటుక గోడ మీద సిమెంటు పూత (ప్లాస్టరింగ్) 12 నుంచి 15 మి.మీ. మందం ఉంటుంది. దాని మీద పాత పద్ధతిలో సిమెంటు మాలుతో టైలు అంటిస్తే ఆ మాలు మరో 15 నుంచి 20 మి.మీ. ఉంటుంది. టైలు 8 మి.మీ. ఈ మూడూ కలిస్తే 35 నుంచి 43 మి.మీ. మా ఇంట్లో పాత టైళ్లను కొట్టకుండా వాటి మీదే టైల్స్ గమ్ముతో కొత్తవి అంటించారు కనుక ఇంకో 12 మి.మీ. దాకా చేరింది. టైలు పై ముఖం నుంచి లెక్కిస్తే ఇటుక మొదలయ్యేది దాదాపు 50 మి.మీ. లోతున. హ్యాండిల్ పెట్టెలో వచ్చిన 35 మి.మీ. ప్లగ్గు ఆ ఇటుక దాకా చేరనే లేదు. దాన్ని పట్టి ఉంచినది పాత టైలూ, దాని వెనకున్న మాలూ మాత్రమే. బరువు మోయడానికి ఆ పొరలను ఎవరూ వేయలేదు.

మరమ్మతు సమయంలో టైలు రంగు గురించి పది దుకాణాలు తిరుగుతాము గానీ, ఆ టైలు వెనక ఏమి ఉండాలన్న ప్రశ్న మాత్రం అన్నీ అంటించేశాక, డ్రిల్లింగ్ మిషను చేతిలోకి తీసుకున్నాక వస్తుంది. అప్పటికి చేయగలిగినది చాలా తక్కువ. అందుకే గోడ ఇంకా పచ్చిగా, ఇటుకలు కనబడుతుండగానే తేల్చుకోవలసిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక గందరగోళాన్ని విడదీయాలి. దుకాణాల్లో 'బ్యాకింగ్ బోర్డు' అనే ఒకే మాటను రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. ఒకటి టైలు అతుక్కోవడానికి కావలసిన చదునైన, తడికి చెడని పలక. రెండవది స్క్రూ పట్టుకోవడానికి కావలసిన దన్ను. మొదటి పనికి 6 లేదా 8 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు చక్కగా సరిపోతుంది. అది కుళ్లదు, చెదలు పట్టదు, టైలు బాగా అంటుకుంటుంది. కానీ అంత పలుచని బోర్డులో స్క్రూకు దొరికే పట్టు మహా అయితే సబ్బుపెట్టెకు చాలుతుంది. రెండవ పనికి అదే బోర్డును నమ్ముకుంటే స్క్రూ చుట్టూ చిన్న గుండ్రటి ముక్క విరిగి బయటికి వస్తుంది. దుకాణంలో 'ఇది బాత్రూం బోర్డే' అన్న మాట నిజమే, అయితే ఆ మాట మొదటి పనికే వర్తిస్తుంది.

ఇంకొక గందరగోళం వీడియోల నుంచి వస్తోంది. అమెరికా, కెనడా ఇళ్లలో గోడ అంటే సాధారణంగా 16 అంగుళాల ఎడంతో నిలబెట్టిన కలప నిలువులు, వాటి మీద బిగించిన జిప్సం బోర్డు. నిలువుకూ నిలువుకూ మధ్య గోడ డొల్ల. అక్కడ హ్యాండిల్ పెట్టాలంటే ఆ ఖాళీలో ప్లైవుడ్డో, కలప ముక్కో ముందుగా అమర్చక తప్పదు. ఆ సలహా ఆ గోడకు సరైనదే. నెల్లూరులోనో ఒంగోలులోనో గట్టి ఇటుక గోడ ఉన్న ఇంటివారు అదే చూసి గోడ మీద ప్లైవుడ్డు కొట్టించి, దాని మీద టైలు వేయిస్తుంటే చూస్తూ ఊరుకోలేను. గట్టి గోడకూ టైలుకూ మధ్య చెక్కను పెడితే అది తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, టైలు మాత్రం కదలదు. ఆ రెంటి మధ్య తగవులో ముందుగా విరిగేది అతుకు. పైగా మన ప్రాంతపు చెదపురుగు తడి చెక్కను వెతుక్కుంటూ వస్తుంది. మన గోడలో చాలాచోట్ల కావలసిన దన్ను అప్పటికే ఉంది, దాన్ని చేరేంత పొడవైన స్క్రూ ఒక్కటే లేదు.

ఇక బరువు సంగతి. తగిలించే వస్తువు ఎన్ని కిలోలన్నది ఒక్కటే చూస్తే మోసపోతాము. అది గోడ నుంచి ఎంత ముందుకు వచ్చి వేలాడుతోందన్నది కూడా చూడాలి. 25 లీటర్ల గీజరులో నీళ్లే 25 కిలోలు, డబ్బా మరో 10 కిలోలు అనుకుందాము. ఆ 35 కిలోల బరువు గోడకు 20 సెంటీమీటర్ల ముందు ఉన్నట్టు లెక్క. పైన కొక్కేలు, వాటికి 30 సెంటీమీటర్ల కింద గీజరు గోడకు ఆనుకునే చోటు ఉంటే, కొక్కేలను బయటికి లాగే బలం 35ను 20తో గుణించి 30తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 23 కిలోలు. ఇది పెద్ద బలం కాదు, అందుకే ఇటుక గోడకు పెట్టిన గీజర్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాష్ బేసిన్ సంగతి వేరు. కింద స్తంభం లేకుండా గోడకే బిగించిన బేసిన్ అంచు మీద ఒక మనిషి 60 కిలోల భారం వేసి వంగాడనుకుందాము. అంచు గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంది, బోల్టులు బేసిన్ అడుగు కన్నా 20 సెంటీమీటర్లు మాత్రమే పైన ఉన్నాయి. అప్పుడు బోల్టులను బయటికి లాగే బలం 135 కిలోలు. బేసిన్ బరువు 15 కిలోలే కదా అని చిన్న ప్లగ్గులు వేసినవారు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి. బేసిన్ కింద స్తంభం పెట్టిస్తే ఈ బాధలో ఎక్కువ భాగం తీరుతుంది. అందం తగ్గుతుందని చాలామంది వద్దంటారు గానీ, వృద్ధులున్న ఇంట్లో నేను స్తంభమే మేలంటాను.

హ్యాండిల్‌కు వచ్చేసరికి మనిషి ప్రాణమే దాని మీద ఉంటుంది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద వచ్చిన ప్రమాణాలు ఇటువంటి హ్యాండిల్ ఏ బిందువు దగ్గరైనా, నిలువుగా గానీ అడ్డంగా గానీ 250 పౌండ్ల బలానికి, అంటే సుమారు 113 కిలోలకు, తట్టుకోవాలని చెబుతున్నాయి. నిదానంగా పట్టుకొని లేచేటప్పుడు అంత బలం పడదు. కాలు జారినప్పుడు, పడిపోతున్న శరీరాన్ని చెయ్యి ఒక్కసారిగా ఆపినప్పుడు పడుతుంది. హ్యాండిల్ పెట్టేది ఆ క్షణం కోసమే కనుక లెక్క కూడా ఆ క్షణానికే వేయాలి.

బరువు తెలిసింది కనుక ఇక గోడను తెలుసుకోవాలి. టైళ్లు కొట్టేస్తున్నప్పుడు ఇటుక కనబడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. టైళ్లు తీయని చోట 6 మి.మీ. బిట్టుతో ఒక చిన్న రంధ్రం వేసి రాలే పొడిని తెల్ల కాగితం మీద పట్టాలి. తెల్లటి పొడి టైలుది, బూడిద పొడి మాలుదీ పూతదీ, ఆ తరువాత ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. ఎర్ర పొడి మొదలైన క్షణంలో బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే పై పొరల మందం ఎంతో మిల్లీమీటర్లతో సహా తెలుస్తుంది. బూడిద పొడి వెనక మళ్లీ గట్టి బూడిద పొడే వస్తుంటే అది కాంక్రీటు గానీ, మనవారు సిమెంటు ఇటుకలని పిలిచే ఫ్లై యాష్ ఇటుకలు గానీ అయి ఉంటుంది. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది కనుక నెల్లూరు చుట్టుపక్కల అక్కడ బొగ్గు కాల్చగా వచ్చే ఫ్లై యాష్ బూడిదతో చేసిన ఇటుకలకు కొరత లేదు. మంచి ఫ్లై యాష్ ఇటుక స్క్రూను మట్టి ఇటుకలాగే పట్టుకుంటుంది, దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. తెల్లగా, మెత్తగా, పిండిలాంటి పొడి ధారగా రాలుతూ బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే అది లైట్ వెయిట్ బ్లాకు. అక్కడ ఆగి ఆలోచించాలి.

తొమ్మిదంగుళాల మట్టి ఇటుక గోడ ఉన్నవారు అదృష్టవంతులు. పై పొరలన్నీ దాటి ఇటుకలోకి కనీసం 50 మి.మీ. దిగేలా 10 మి.మీ. నైలాన్ ప్లగ్గు, దానికి తగిన పొడవు స్క్రూ వేస్తే గీజరు, అద్దం, టవల్ రాడ్ వంటివన్నీ నిలుస్తాయి. పై పొరలు 40 మి.మీ. ఉంటే స్క్రూ పొడవు 90 నుంచి 100 మి.మీ. ఉండాలన్నమాట. ప్లగ్గు విచ్చుకునే భాగం ఇటుకలో ఉండాలి, టైలులో కాదు. టైలులో విచ్చుకుంటే టైలే పగులుతుంది. చీమకుర్తి గ్రానైటు పలకలు గోడకు వేయించుకున్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది: రాయిలో రంధ్రం కొంచెం వదులుగా వేసి, పట్టు మాత్రం వెనక గోడలో తీసుకోవాలి. మార్కాపురం పలక రాయి అయితే పొరలు పొరలుగా విడివడే స్వభావం కలది కనుక దాని మీద దేనినీ ఆనించకూడదు. ఇటుకల సందుల్లో కూడా రంధ్రం పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే సందులోని మాలు ఇటుకంత గట్టిగా ఉంటుందన్న నమ్మకం లేదు.

బాత్రూముకూ గదికీ మధ్య ఉండేది ఎక్కువగా నాలుగున్నర అంగుళాల పార్టీషన్ గోడ. దీనిలో ఇటుక మందం 115 మి.మీ. కనుక లోతు చాలుతుంది గానీ, సుత్తి దెబ్బతో డ్రిల్లింగ్ చేస్తే అవతలి గదిలో పూత పెచ్చు ఊడుతుంది. హ్యాండిల్ వంటి దానికి ఈ గోడలో ఒంటి ప్లగ్గులను నేను ఒప్పుకోను. రెండు దారులున్నాయి. ఒకటి, బోల్టును గోడకు ఆ వైపు దాకా పోనిచ్చి, అక్కడ ఒక స్టీలు పట్టీ వేసి నట్టు బిగించడం. చూడటానికి బాగోలేకపోయినా ఇంతకన్నా నమ్మకమైనది లేదు. రెండవది కాంక్రీటు దిమ్మ, దాని గురించి కింద వివరంగా చెబుతాను.

లైట్ వెయిట్ బ్లాకు ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోలే ఉంటుంది, అంటే నీటి కన్నా తేలిక. గోడ కట్టడానికి అది మంచి సరుకే. అయితే దాని నిండా గాలి బుడగలు కనుక విచ్చుకునే యాంకర్ బోల్టు బిగిస్తే చుట్టూ ఉన్న బుడగలు నలిగి పిండి అవుతాయి. బిగించిన రోజున గట్టిగా ఉన్నట్టే అనిపించి, తరువాత వదులవుతుంది. ఇందులో రంధ్రం వేసేటప్పుడు మిషనులో సుత్తి దెబ్బను ఆపి తిప్పుడు మీదే వేయాలి. చిన్న బరువులకు ఈ బ్లాకుల కోసమే చేసిన పెద్ద మరల ప్లగ్గులు దొరుకుతాయి. హ్యాండిల్‌కూ బేసిన్‌కూ అవతలి దాకా బోల్టు గానీ దిమ్మ గానీ తప్పదు. కనిగిరి, పొదిలి వైపు పాత ఇళ్లలో సున్నంతోనో మట్టితోనో కట్టిన రాతి గోడల్లో రాయి గట్టిదే గానీ సందులు మెత్తన. రాయి మధ్యలో రంధ్రం పడితే పరవాలేదు, సందులో పడితే రసాయన జిగురు పోసే యాంకర్ వాడాలి. ఆ జిగురు పోసే ముందు రంధ్రంలోని పొడిని ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే జిగురు గోడకు కాక పొడికే అంటుకుంటుంది.

ఇప్పుడు దిమ్మ. టైళ్లు కొట్టేసి గోడ బయటపడిన సమయంలో హ్యాండిల్ రెండు కొసలూ ఎక్కడ వస్తాయో అమ్మనో నాన్ననో నిజంగా కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి చేరుతుందో చూసి గుర్తు పెట్టాలి. ఆ గుర్తు చుట్టూ అడుగు పొడవు, అడుగు వెడల్పు మేర ఇటుకలు తీసేయాలి. నాలుగున్నర అంగుళాల గోడలో పూర్తి మందం, తొమ్మిదంగుళాల గోడలో నాలుగంగుళాల లోతు చాలు. అంచులను గ్రైండరుతో కోసుకొని నెమ్మదిగా తొలిచితే మిగిలిన గోడ అదరదు. లోపలి వైపు కొంచెం వెడల్పుగా, బయటివైపు ఇరుకుగా తొలవాలి. అప్పుడు దిమ్మ ఎంత లాగినా బయటికి రాలేదు. చుట్టూ ఇటుకను బాగా తడిపి, నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు పూసి, ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతులు బేబీ చిప్స్ (సన్న కంకర) కలిపిన కాంక్రీటును పలక అడ్డుపెట్టి కూరాలి. నీళ్లు తక్కువగా పోసి, కడ్డీతో పొడుస్తూ నింపితే గుల్ల రాదు. మా మేస్త్రీ ఇది చూసి, ఇంత చిన్న పనికి ఇంత హంగామా ఎందుకని మొదట అన్నాడు. ఊడి వచ్చిన ప్లగ్గును చూపించాక తనే చిప్స్ జల్లించి తెచ్చాడు.

ఈ దిమ్మకు వారం రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టాలి. రోహిణి కార్తె ఎండల్లో చేస్తున్నట్టయితే తడిగోనె కప్పి ఉంచాలి, లేకపోతే పైపొర పిండిగా మారుతుంది. కాంక్రీటుకు పూర్తి బలం 28 రోజులకు వస్తుంది కనుక టైళ్ల పని మధ్యలో నడిపించుకొని, హ్యాండిల్ బిగింపును చివరికి ఉంచుకోవడం మంచిది. నీటి విషయంలో తీర ప్రాంతపు వారు జాగ్రత్తపడాలి. మైపాడు, కొత్తపట్నం వైపు చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాంక్రీటు కలపడానికి వాడే నీటిలో క్లోరైడ్లు ఇనుము లేని కాంక్రీటుకైతే లీటరుకు 2000 మిల్లీగ్రాములు, ఇనుము ఉన్నదానికి 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. దిమ్మలోకి స్టీలు బోల్టు దిగబోతోంది కనుక రెండో లెక్కే మనది. రెండు బకెట్ల పనికి తాగే నీళ్లు వాడితే ఆ చింతే ఉండదు. ఇసుక కూడా పెన్న ఇసుక కావాలి గానీ, సముద్రపు ఇసుక కాదు.

చెక్కకూ బోర్డుకూ మన బాత్రూముల్లో అసలు చోటే లేదని కాదు. గోడకు బిగించే కమోడ్ పెట్టించుకున్నప్పుడు దాని వెనక ట్యాంకునూ స్టీలు చట్రాన్నీ కప్పడానికి, పైపులు కనబడకుండా మూయడానికి జీఐ ఛానళ్లతో (జింకు పూత వేసిన ఇనుప పట్టీలతో) డొల్ల గోడ కడుతున్నారు. ఆ కమోడ్ బరువును చట్రమే నేలకూ వెనక గోడకూ చేరవేస్తుంది. ఆ డొల్ల గోడ ముఖం మీద కాగితం హోల్డరో, హ్యాండిలో పెట్టాలనుకుంటే మాత్రం లోపల దన్ను ముందే అమర్చాలి. అక్కడ నా మొదటి ఎంపిక ప్రైమరు పూసిన మందపాటి స్టీలు పట్టీని రెండు నిలువుల మధ్య అడ్డంగా బోల్టు చేయడం. రెండవది 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డు. 'వాటర్ ప్రూఫ్' అన్న మాటను నమ్మకుండా పలక మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడాలి. ఆ రకం జిగురును 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ఐఎస్ 303లోని ఎంఆర్ రకం తేమకు మాత్రమే ఓర్చుకుంటుంది, నీటికి కాదు. ప్లైవుడ్డును కోసిన అంచులకు పెయింటు పూయకుండా లోపల పెట్టకూడదు, ఎందుకంటే నీరు ముఖం నుంచి కన్నా అంచు నుంచే ఎక్కువగా ఎక్కుతుంది. ఆకుపచ్చ జిప్సం బోర్డు తేమను నిదానంగా పీల్చుతుంది అంతే, తడిస్తే అదీ మెత్తబడుతుంది. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలక కుళ్లదు, చెద పట్టదు గానీ, తేలిక రకాల్లో స్క్రూ పట్టు తక్కువ. చేతిలోకి తీసుకొని బరువుగా ఉన్నదాన్నే ఎంచుకొని, తేలిక వస్తువులకే వాడాలి. మన పాత వడ్రంగులు గోడ తొలిచి తుమ్మ ముక్కో టేకు ముక్కో దిగగొట్టి, దానికి మేకు వేసేవారు. పొడి గదిలో అది ఒక తరం నిలిచింది. రోజూ తడిసి ఆరే గోడలో ఆ ముక్క ఉబ్బి, కుంచించుకుపోయి చివరికి వదులవుతుంది.

దన్ను ఎంత గట్టిదైనా స్క్రూ తుప్పు పడితే ఫలితం లేదు. హ్యాండిల్ పెట్టెలో వచ్చే స్క్రూలు చాలాసార్లు మెరుగు పూసిన మామూలు ఇనుము. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే చవకైన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద 304 రకం స్టీలు అని రాయించుకోవాలి. సముద్రానికి దగ్గర ఇళ్లకు 316 మేలు. అందులో కలిపే మాలిబ్డినం ఉప్పు గాలిని తట్టుకునే శక్తినిస్తుంది. ప్రతి రంధ్రమూ టైలు వెనక వేసిన వాటర్ ప్రూఫింగ్ పూతను చీల్చుతుంది కనుక ప్లగ్గు దింపే ముందు రంధ్రంలో సిలికాన్ నింపాలి. బిగించాక హ్యాండిల్ కొసన గోడకు ఆనే గుండ్రటి బిళ్ల చుట్టూ కూడా సిలికాన్ పూసి, అడుగున మాత్రం చిన్న సందు వదలాలి. లోపలికి ఎలాగో చేరిన నీరు ఆ సందులోంచి బయటికి రావాలి.

మా ఇంట్లో రెండవసారి ఆ ఒక్క గోడకే టైళ్లు కొట్టించి, రెండు దిమ్మలు పోయించాము. టైలు వేసే ముందు, తలుపు చట్రం నుంచి, నేల నుంచి కొలత టేపు పట్టి ఉంచి ఫోటోలు తీసుకున్నాను. దిమ్మలు ఎక్కడున్నాయో, వేడినీళ్ల పైపు ఎక్కడ పోతోందో, కరెంటు గొట్టం ఎక్కడ దిగుతోందో అన్నీ వాటిలో ఉన్నాయి. 28 రోజులు ఆగి, టైలు వరకూ సుత్తి దెబ్బ లేకుండా, ఆ తరువాత దిమ్మలోకి సుత్తి దెబ్బతో రంధ్రాలు వేశారు. పొడి మొదట తెల్లగా, తరువాత చివరిదాకా గట్టి బూడిదరంగులో వచ్చింది. హ్యాండిల్ బిగించాక అమ్మను పిలవలేదు. 80 కిలోలుండే మా తమ్ముడు ముందు కిందికి వేలాడి, తరువాత గోడకు కాలు తన్ని వెనక్కి లాగి, అయిదు నిమిషాలు అలాగే ఉన్నాడు. నేను కొసల దగ్గర సిలికాన్ అంచు మీద వేలు పెట్టి, వెంట్రుకవాసి కదిలినా తెలిసేలా చూస్తూ నిలబడ్డాను. కదలలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ దాన్ని మొదట రెండు వేళ్లతో తాకి చూసి, తరువాత చెయ్యంతా వేసి పట్టుకొని లేచింది.